పార్సిల్ కవర్ మీద ఇంటి ఆడవాళ్ల నంబర్ ఎందుకు? ఆన్‌లైన్ షాపింగ్‌లో మన వివరాల సంగతి

ఈద్ దగ్గరపడితే మన గల్లీల్లో డెలివరీ బళ్లు ఎక్కువైపోతాయి. అబాయాలు, పిల్లల కుర్తాలు, అత్తరు సీసాలు, చివరికి మిక్సీ జార్ కూడా ఇంటికే వస్తోంది. పార్సిల్ విప్పి సైజు సరిపోయిందా, రంగు ఫొటోలో చూపించినట్టే ఉందా అని చూసుకుంటాం. కవర్ మాత్రం నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. ఆ కవర్‌ను ఒక్కసారి తీసి చదవండి. ఇంటి కోడలి పూర్తి పేరు, ఇంటి నంబర్, ‘ఫలానా మసీదు వెనక గల్లీ’ అన్న గుర్తు, పిన్‌కోడ్ ఉంటాయి. చాలాసార్లు ఆమె మొబైల్ నంబర్ కూడా ఉంటుంది. పెళ్లి కార్డు మీద ఆడపిల్ల పేరు వేయాలా వద్దా అని గంటసేపు మాట్లాడుకునే ఇళ్లలోనే, ఈ కాగితం రోజూ బయటకు వెళ్లిపోతోంది.

ఆన్‌లైన్‌లో కొనడం మానేయమని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. బయటకు ఎక్కువగా వెళ్లలేని అమ్మీలకు, ఖాలాలకు ఇది ఎంత సుఖమో అందరికీ తెలుసు. అయితే కొనేటప్పుడు మన దగ్గర నుంచి ఏమేం వెళ్తోంది, అందులో ఇవ్వక తప్పనిది ఏది, అలవాటు కొద్దీ ఇచ్చేస్తున్నది ఏది అన్నది తెలుసుకుంటే చాలా ఇబ్బంది తప్పుతుంది.

ముందు రెండు మాటల మధ్య తేడా చూద్దాం. గోప్యత అంటే మన సంగతి దుకాణదారుడికి తెలిసినా ఆయన దగ్గరే ఆగిపోవడం. అజ్ఞాతం అంటే కొన్నది ఎవరో ఆయనకు కూడా తెలియకపోవడం, మన భాషలో గుమ్‌నామ్‌గా ఉండటం. మదీనా సర్కిల్ దగ్గర బట్టల కొట్టులో నగదు ఇచ్చి దుపట్టా కొంటే మీరు గుమ్‌నామ్. యాప్‌లో అదే దుపట్టా కొంటే ఆ అవకాశం దాదాపు లేదు. సరుకు ఇంటికి రావాలంటే చిరునామా కావాలి, అబ్బాయి ఫోన్ చేయాలంటే నంబర్ కావాలి. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే ఎవరికీ తెలియదని కొంతమంది అనుకుంటారు. డబ్బు వివరాలు మాత్రమే దాగుతాయి. పేరు, నంబర్, ఇల్లు, ఏం కొన్నారన్నది మాత్రం మామూలుగానే రికార్డు అవుతాయి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టినా అంతే. మీ ఫోన్‌లో చరిత్ర మిగలదు గానీ, లాగిన్ అయి కొన్నాక ఆ సైట్ దగ్గర అంతా ఉంటుంది.

కార్డు కంటే ముందు పోయేది ఇదీ

మన వాళ్లకు ఎక్కువ భయం కార్డు నంబర్ గురించి. నిజానికి ఆ వైపు తలుపు కాస్త గట్టిగానే ఉంది. 2022 అక్టోబర్ 1 నుంచి షాపింగ్ సైట్లు మన కార్డు నంబర్‌ను తమ దగ్గర దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన అమల్లోకి తెచ్చింది. ‘కార్డు సేవ్ చేయాలా’ అని అడిగినప్పుడు సరే అంటే సైట్ దగ్గర మిగిలేది టోకెన్ అనే ఒక మారు నంబర్. అది ఆ సైట్‌లో తప్ప ఇంకెక్కడా పనిచేయదు.

పేరు, ఫోన్, చిరునామాలకు ఇలాంటి మారు నంబర్ రక్షణ అన్నిచోట్లా లేదు. పెద్ద యాప్‌లు కొన్ని డెలివరీ అబ్బాయికి మన అసలు నంబర్ కనపడకుండా మధ్యలో వేరే నంబర్ ద్వారా కాల్ కలుపుతున్నాయి. మంచిదే. కానీ చిన్న సైట్లలో, ఇన్‌స్టాగ్రామ్ దుకాణాల్లో ఆ ఏర్పాటు ఉండదు. అమ్మేవాడు, ప్యాకింగ్ చేసేవాడు, కొరియర్ ఆఫీసు, ఊళ్లోని హబ్, చివరికి బండి మీద వచ్చేవాడు, ఇంతమంది చేతుల్లో ఆ కాగితం తిరుగుతుంది. వాళ్లలో చాలామంది కష్టపడి బతికే మన పిల్లలే. వాళ్లను అనుమానించమని కాదు చెప్పేది. ఇన్ని చేతులు మారే కాగితం మీద ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

పెద్ద కంపెనీలైనంత మాత్రాన వివరాలు భద్రం అనుకోవడానికి కూడా లేదు. 2020 నవంబర్‌లో బిగ్‌బాస్కెట్ వాడకందారులు సుమారు 2 కోట్ల మంది వివరాలు ఇంటర్నెట్ చీకటి బజారులో అమ్మకానికి పెట్టారని సైబల్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. 2021లో డామినోస్ పిజ్జా ఇండియా వంతు వచ్చింది. 18 కోట్ల ఆర్డర్ల వివరాలు బయటకు వచ్చాయి. అంతటితో ఆగలేదు. ఫోన్ నంబర్ కొడితే ఆ మనిషి ఏ చిరునామాకు తెప్పించుకున్నాడో చూపించే ఒక వెతుకులాట పేజీని కూడా పెట్టారు. డబ్బుకు సంబంధించిన సమాచారం పోలేదని కంపెనీ చెప్పింది. అది నిజమే కావచ్చు. కానీ ఒక ఆడమనిషి నంబర్ తెలిసిన ఎవడైనా ఆమె ఇల్లు ఎక్కడో కనుక్కోగలిగితే, కార్డు నంబర్ పోలేదని ఊరట పడాలా? కార్డు పోతే బ్యాంకుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించి కొత్తది తెచ్చుకుంటాం. ఇల్లు మార్చడం అంత తేలిక కాదు కదా.

కొన్న వస్తువులే మన జాతకం చెప్తాయి

బీకాంలో గుడ్‌విల్ చాప్టర్ చదివినవాళ్లకు గుర్తుంటుంది. దుకాణం చేతులు మారేటప్పుడు అల్మారాలకు, సరుకుకు మాత్రమే కాదు, వచ్చిపోయే ఖాతాదారులకు కూడా ఒక విలువ కడతారు. ఆన్‌లైన్ వ్యాపారంలో ఆ విలువ ఇంకా పెద్దది. ఎవరు ఎప్పుడు ఏం కొన్నారన్న పుస్తకం అక్కడ వరుసగా రాసి ఉంటుంది.

ఆ పుస్తకం ఎంత మాట్లాడుతుందో అమెరికా కథ ఒకటి చెప్తాను. టార్గెట్ అనే పెద్ద సూపర్ మార్కెట్ కంపెనీ గురించి 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ రాసింది. వాసన లేని లోషన్, కొన్ని రకాల విటమిన్ మాత్రలు లాంటి సుమారు 25 వస్తువుల కొనుగోళ్లను కలిపి చూసి, ఏ కస్టమర్ గర్భవతో కంపెనీ అంచనా వేసేది. హైస్కూల్ చదివే తన కూతురికి పసిపిల్లల బట్టల కూపన్లు పంపుతారా అని ఒక తండ్రి వచ్చి మేనేజర్‌ను నిలదీశాడట. కొన్ని రోజుల తర్వాత ఆ తండ్రే క్షమాపణ చెప్పాడట. కూతురి సంగతి తండ్రికంటే ముందు దుకాణానికి తెలిసింది.

మరి పేరు తీసేసి లెక్కలు చూస్తే ఫర్వాలేదా? కంపెనీలు తరచూ చెప్పే మాట ఇదే, ‘మీ పేరు లేకుండానే డేటా వాడుతున్నాం’ అని. 2015 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ ధైర్యాన్ని గట్టిగానే కదిలించింది. 11 లక్షల మంది మూడు నెలల క్రెడిట్ కార్డు కొనుగోళ్లను పేర్లు తీసేసి పరిశీలించారు. ఏ రోజు ఏ దుకాణంలో కొన్నారన్న నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, 90 శాతం మందిని ఆ గుంపులో విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది. ధర కూడా తెలిస్తే ఇంకా తేలిక. మగవాళ్ల కంటే ఆడవాళ్లను గుర్తుపట్టడం సులువని కూడా ఆ లెక్కల్లో వచ్చింది. పేరు ఒక్కటి కొట్టేస్తే మనిషి గుమ్‌నామ్ అయిపోడు.

మన కుటుంబాలకు ఇందులో ఇంకో బరువు ఉంది. అబాయా, నమాజ్ చాప, ఖజూర్, హలాల్ అని రాసిన సామాను వరుసగా కొన్న ఖాతా ఎవరిదో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. 2020 నవంబర్‌లో మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ ముస్లిం ప్రో యాప్ సంగతి రాసింది. నమాజ్ వేళలు, ఖిబ్లా చూపించే ఆ యాప్ మనలో చాలామంది ఫోన్లలో ఉన్నదే. వాడేవాళ్ల లొకేషన్ డేటా ఎక్స్‌మోడ్ అనే కంపెనీకి వెళ్లిందని, ఆ కంపెనీ ఖాతాదారుల్లో అమెరికా రక్షణ శాఖకు పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని ఆ కథనం సారాంశం. గొడవ అయ్యాక ఆ సంబంధం తెంచుకుంటున్నామని యాప్ వాళ్లు ప్రకటించారు. ఖిబ్లా కోసం ఇచ్చిన లొకేషన్ ఎంత దూరం పోయిందో చూడండి. షాపింగ్ యాప్‌కు ఇచ్చే లొకేషన్ అయినా, కాంటాక్టులు అయినా ఇదే దారిలో పోవచ్చు.

ఫొటోల సంగతి వేరే చెప్పాలి. 2021 జులైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలను ‘వేలం’ అంటూ ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ ఫొటోలు వాళ్ల సోషల్ మీడియా ఖాతాల నుంచే తీసుకున్నవి. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు కూడా చేశారు. షాపింగ్ రూపంలోనే మన ఆడపిల్లలను అవమానించారన్నది మనం మర్చిపోలేం. అందుకే రివ్యూ రాసేటప్పుడు కొత్త డ్రెస్ వేసుకుని ముఖం కనపడేలా ఫొటో పెట్టడం, పైన పూర్తి పేరు ఉండటం వద్దంటున్నాను. డ్రెస్‌ను హ్యాంగర్‌కు వేసి తీసినా చూసేవాళ్లకు రంగు, కుట్టు తెలుస్తాయి. అమెజాన్ లాంటి సైట్లలో రివ్యూ మీద కనిపించే పేరు మార్చుకోవచ్చు, సెట్టింగ్స్‌లో చూడండి.

ఇంట్లో మార్చుకోదగ్గ అలవాట్లు

మొదటిది నంబర్. బ్యాంకు, ఆధార్‌కు జత చేసిన నంబర్‌నే షాపింగ్‌కూ ఇస్తున్నాం, వాట్సాప్‌కూ అదే. ఒక నంబర్ బయటపడితే మూడు తలుపులూ తెరిచినట్టే. ఇంట్లో పాత ఫోన్ ఒకటి ఉంటుంది కదా, అందులో తక్కువ రీచార్జ్‌తో ఒక సిమ్ వేసి షాపింగ్‌కు, డెలివరీకి అదే ఇవ్వండి. ఆ నంబర్‌కు వాట్సాప్‌లో ఫొటో పెట్టకండి. డెలివరీ అబ్బాయి ఫోన్ అబ్బా ఎత్తినా, తమ్ముడు ఎత్తినా ఇబ్బంది లేదు. రెండో సిమ్ కుదరకపోతే వాట్సాప్ ప్రైవసీలో ప్రొఫైల్ ఫొటో ‘మై కాంటాక్ట్స్’కు మాత్రమే అని పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

పేరు విషయంలో, పార్సిల్ మీద ఇంటి పేరో, మొదటి పేరులో సగమో చాలు. అయితే వేరే మనిషి గుర్తింపుతో, వాళ్లలా నటించి వివరాలు ఇవ్వకూడదు. కొత్త డేటా చట్టం దానికి 10 వేల రూపాయల వరకు జరిమానా పెట్టింది. చిరునామాగా అబ్బా దుకాణమో, భాయ్ ఆఫీసో ఇస్తే ఇంకా మంచిది. పగలు ఇంట్లో ఆడవాళ్లు ఒక్కరే ఉండే కుటుంబాలు దీన్ని తప్పకుండా ఆలోచించాలి.

యూపీఐతో కట్టేటప్పుడు చాలామంది ఐడీలో మొబైల్ నంబరే ఉంటుంది. యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నంబర్ లేని ఇంకో ఐడీ తయారు చేసుకోవచ్చు. బ్యాంకులో ఉన్న పేరు మాత్రం అవతలివారికి కనిపిస్తుంది, అది దాచలేం.

యాప్ అడిగే అనుమతులకు అన్నిటికీ సరే అనకండి. లొకేషన్ బదులు పిన్‌కోడ్ కొడితే పని జరిగిపోతుంది. కాంటాక్టులు షాపింగ్ యాప్‌కు ఎందుకు? మీ ఒక్కరి అనుమతితో మీ ఫోన్‌లో ఉన్న బంధువులందరి నంబర్లు వెళ్తాయి, వాళ్లను ఎవరూ అడగలేదు. ఆండ్రాయిడ్ కొత్త ఫోన్లలో గూగుల్ సెట్టింగ్స్‌లో ప్రకటనల ఐడీని తొలగించే వీలుంది. ఐఫోన్‌లో యాప్ మిమ్మల్ని వెంబడించవచ్చా అని అడిగినప్పుడు వద్దు అనొచ్చు.

ఇంటికంతా ఒకే ఖాతా వాడే పద్ధతి మన దగ్గర ఎక్కువ. పెద్దబ్బాయి ఫోన్‌లో యాప్ ఉంటుంది, అందరూ అందులోనే కొంటారు. కొత్త కోడలు తనకు కావలసిన లోపలి బట్టలో, మందులో కొంటే ఆర్డర్ల జాబితాలో మరిది కూడా చూస్తాడు. ఆ బిడ్డ సిగ్గుపడి కొనడమే మానేస్తుంది. గోప్యత బయటివాళ్ల నుంచి మాత్రమే కాదు, ఇంట్లో ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాద కూడా. ఎవరి ఖాతా వాళ్లకు పెట్టించండి.

ఇక ఆ కవర్. పారేసే ముందు లేబుల్ ఊడదీసి నీళ్లలో తడిపి ముక్కలు చేయండి, లేదా నల్ల మార్కర్‌తో పేరు, నంబర్, బార్‌కోడ్ మీద గీసేయండి.

బయటకు పోయిన వివరాలతో ఎక్కువగా జరుగుతున్న మోసం ఇది. ‘మేడమ్, మీ పార్సిల్ చిరునామా దొరకలేదు’ అని ఫోన్ వస్తుంది. మీ పేరు, కొన్న వస్తువు కూడా చెప్తాడు, కాబట్టి నమ్ముతారు. డెలివరీ అబ్బాయితో మాట్లాడటానికి స్టార్ 21 లేదా స్టార్ 401తో మొదలయ్యే ఒక నంబర్ డయల్ చేయమంటాడు. చేశారో, మీకు వచ్చే కాల్స్ వాడి ఫోన్‌కు మళ్లిపోతాయి. ఓటీపీ కాల్ ద్వారా తెప్పించుకుని మీ వాట్సాప్ కూడా వాడే తెరవగలడు. పొరపాటున డయల్ చేసి ఉంటే ##002# కొట్టండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. పార్సిల్ గురించి ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి, యాప్ తెరిచి అక్కడే చూసుకోండి. మీరు కొనని పార్సిల్‌కు క్యాష్ ఆన్ డెలివరీ అంటూ వస్తే, ఇంట్లో ఇంకెవరైనా పెట్టారేమో కనుక్కునే దాకా డబ్బు ఇవ్వకండి. అమ్మీ ఒక్కరే ఉన్న టైం చూసి వచ్చే పార్సిళ్లు ఇలాంటివే.

ఇంటి నుంచి అమ్మే బాజీలకు

హైదరాబాద్ పాతబస్తీ నుంచి గుంటూరు, కర్నూలు, కడప దాకా ఎంతోమంది చెల్లెళ్లు వాట్సాప్‌లో అబాయాలు, హిజాబ్‌లు, ఇంటి అచార్లు అమ్ముకుంటున్నారు. చూసి సంతోషించాల్సిన సంగతి. కానీ వాళ్ల ఫోన్‌లో వందల మంది స్త్రీల పేర్లు, నంబర్లు, ఇంటి చిరునామాలు ఉన్నాయి. అది అమానత్.

ఎక్కువగా జరిగేది ఏమిటంటే, కస్టమర్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేస్తారు. గ్రూపులో ప్రతి ఒక్కరికీ మిగతావాళ్ల నంబర్లు కనపడతాయి. అందులో ఎవరి తమ్ముడి ఫోనో, ఎవరి మొగుడి ఫోనో ఉంటుంది. దానికి బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెడితే మెసేజ్ ఎవరికి వారికి విడిగా వెళ్తుంది. మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుందన్నది దాని చిన్న లోపం. వాట్సాప్ చానెల్ అయితే ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనపడవు.

‘మాషా అల్లాహ్, చాలా బాగుంది బాజీ’ అని కస్టమర్ పెట్టిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టేటప్పుడు పేరు, నంబర్, డీపీ కత్తిరించండి. ఆమె ఫొటో పంపితే అడగకుండా పెట్టకండి. డెలివరీ అయ్యి, మార్పిడి గడువు దాటాక చిరునామాలు తీసేయండి. ఇంకో సంగతి మీ కోసమే. ప్రతి పార్సిల్ మీద ‘పంపినవారు’ అన్నచోట మీ ఇంటి చిరునామా ఊళ్లు తిరుగుతోంది. భాయ్ దుకాణం చిరునామా వేయించే వీలుంటే వేయించండి.

చట్టం ఏమంటోంది, ఎవరికి చెప్పాలి

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని నిబంధనలు వచ్చాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు మాత్రం ఆ తేదీ నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో పూర్తిగా అమల్లోకి వస్తాయి. అప్పటి నుంచి ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి అనుమతి అడగాలి. వివరాలు బయటపడితే మనకు తెలపాలి. భద్రత సరిగా పెట్టని కంపెనీకి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. రెండు కోట్లు, అంతకంటే ఎక్కువ మంది వాడకందారులున్న షాపింగ్ కంపెనీలు, మూడేళ్లు ఖాతా వైపు రాని మనిషి డేటాను తీసేయాలి. నాకు బాగా నచ్చిన అంశం ఇంకొకటి. ఆ అనుమతి పత్రం ఇంగ్లిష్‌లోనే కాకుండా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా అడగొచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూల్‌లో ఉన్నాయి. అబ్బా ఉర్దూలో చదువుకోవచ్చు, పిల్లలు తెలుగులో చదువుకోవచ్చు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించకుండా ఇంకొకరికి ఇవ్వడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సైట్‌లో ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బట్టల షోరూంలో బిల్లుకు మొబైల్ నంబర్ తప్పనిసరి అంటారు చూడండి, దాని కోసం పట్టుబట్టవద్దని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. ‘నంబర్ ఇవ్వను, బిల్లు ఇవ్వండి’ అనొచ్చు.

డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపడానికి అంత అవకాశం. ఆన్‌లైన్‌లో అయితే సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

పార్సిల్ ఇచ్చి వెళ్లినవాడు తర్వాత ‘హాయ్’ అని మెసేజ్‌లు పెడుతున్నాడని ఇంటి ఆడపిల్ల చెప్తే, ముందు ఆమెను తిట్టడం, ఫోన్ లాక్కోవడం చేయకండి. అలా చేస్తే రెండోసారి ఇంట్లో చెప్పదు. వద్దని స్పష్టంగా చెప్పాక కూడా ఒక మగవాడు స్త్రీని పదేపదే సంప్రదిస్తే అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, ఆర్డర్ నంబర్, డెలివరీ తేదీ రాసిపెట్టుకోండి. ఆ రోజు ఆ పార్సిల్ ఎవరు తెచ్చారో కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. కంపెనీకి ఒక ఫిర్యాదు, పోలీసులకు ఒకటి, రెండూ రాతపూర్వకంగా ఇవ్వండి. తెలంగాణలో అయితే షీ టీమ్స్‌కు కూడా చెప్పొచ్చు.